డిస్కు డ్రైవు చెడితే: మరమ్మతా? మార్పా?

కంప్యూటరులో డిస్కు డ్రైవు చెడిందనగానే మన హాస్టళ్లలో రెండు రకాల సలహాలు వినబడతాయి. "పాతది పారేసి కొత్తది కొనెయ్యరా బాబూ" అనేది మొదటిది. "ఫలానా షాపులో ఇస్తే గంటలో బాగుచేస్తాడు" అనేది రెండోది. సలహా చెప్పేవాడు డ్రైవు ఏ విధంగా చెడిందో అడగడు. అందులో ఏమున్నదో అసలే అడగడు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలిస్తే తప్ప మరమ్మతా, మార్పా అన్నది తేలదు. మార్చి నెలలో, ప్రాజెక్టు రిపోర్టులు బైండింగుకు పోయే వారంలో, ఈ సంగతి తెలియక నష్టపోయేవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకుందాం.

మొదట ఒక చిక్కుముడి విప్పుకోవాలి. ఇంట్లో ఇనప్పెట్టె తాళం బిగుసుకుపోయిందనుకోండి. కొత్త పెట్టె ఖరీదెంత అని ఎవరూ ముందు అడగరు, లోపలున్న దస్తావేజులు ఎలా బయటికి తీయాలి అని అడుగుతారు. దస్తావేజులు చేతికొచ్చాక పెట్టెను పాతసామాన్లవాడికి వేసినా బాధ లేదు. డిస్కు డ్రైవు కూడా అంతే. డ్రైవు అనే వస్తువు వేరు, అందులో రాసి ఉన్న సమాచారం వేరు. "బాగుచేయించటం" అని మనం ఒకే మాట వాడేస్తాం గాని, వస్తువును మళ్లీ వాడుకునేటట్టు చేయటమొకటి, సమాచారాన్ని ఒక్కసారి బయటికి లాగటం ఇంకొకటి. ఖరీదులు వేరు, పద్ధతులు వేరు, చేసే మనుషులు కూడా వేరు.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది? 1956లో ఐ.బి.ఎం. వారు తయారుచేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. యంత్రం బరువు టన్ను. ఇంత చేసీ అది దాచుకోగలిగింది సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే, అంటే ఈనాటి సెల్‌ఫోనులో రెండు మూడు ఫోటోలకు సరి. ఇవ్వాళ అరచేతిలో ఇమిడే డ్రైవులో కూడా సూత్రం అదే. అయస్కాంత పూత పూసిన పళ్లేలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిర్రున తిరుగుతుంటాయి. 7200 తిరిగే పెద్ద డ్రైవులో పళ్లెం అంచు గంటకు నూట ఇరవై కిలోమీటర్లకు తగ్గని వేగంతో పోతుంటుంది. చదివే, రాసే హెడ్డు ఆ పళ్లేన్ని తాకదు. పళ్లెం వేగానికి దానితోపాటే ఈడ్చుకొచ్చే గాలి పొర హెడ్డును పైకెత్తి పట్టుకుంటుంది. ఆ ఎడం ఎంత అంటారా? మన తలవెంట్రుక మందంలో దాదాపు పదివేలో వంతు. గాలిలోని మామూలు దుమ్ము రేణువు ఆ సందు ముందు బండరాయి కింద లెక్క.

అందుచేత, యూట్యూబు చూసి స్క్రూలు విప్పి ఫ్యాను కింద డ్రైవు మూత తెరిచే మిత్రులకు చేతులెత్తి నమస్కరించటం తప్ప ఏం చెప్పగలం? డ్రైవు లోపల శూన్యం ఉంటుందని చాలామంది అనుకుంటారు, అది కూడా పొరపాటే. శూన్యమైతే హెడ్డు తేలదు. సాధారణ డ్రైవులకు ఊపిరి పీల్చుకునే చిన్న రంధ్రం, దానికి వడపోత ఉంటాయి. 2013 నుంచి గాలికి బదులు హీలియం నింపి సీలువేసిన పెద్ద డ్రైవులు కూడా బజారులోకి వచ్చాయి.

ఇప్పుడు చెడే విధానాల సంగతి. అన్నిటికన్నా ముందు చూడవలసింది డ్రైవును కాదు. కేబులు మార్చి చూడాలి, వేరే కంప్యూటరుకు తగిలించి చూడాలి. బయట తగిలించే డ్రైవయితే యు.ఎస్.బి. డబ్బాలోంచి తీసి చూడాలి. డ్రైవు నిక్షేపంగా ఉండి, పాపం కేబులుదయిన సందర్భాలు తక్కువేమీ కాదు. సముద్రతీరంలో ఉండేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. శ్రీహరికోట దీవికి ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్ సరస్సు. అలాంటి చోట ఉప్పుగాలి లోహం మీద పొర కట్టించటానికి రోజులు చాలు. కొన్ని డ్రైవులలో కింది సర్క్యూట్ బోర్డుకూ, లోపలి హెడ్డుకూ మధ్య ఉండే చిన్న లోహపు బిళ్లలు నల్లబడి సంబంధం తెగిపోతుంది. అనుభవమున్న మెకానిక్కు బోర్డు విప్పి, పెన్సిలు రబ్బరుతో వాటిని తుడిచి బిగిస్తే డ్రైవు లేచి కూర్చున్న సందర్భాలున్నాయి. రబ్బరు ఖరీదు అయిదు రూపాయలు!

రెండోది, యంత్రం బాగానే ఉండి, ఫైళ్ల పట్టిక చెదిరిపోవటం. పొరపాటున ఫార్మాట్ కొట్టటం, కరెంటు పోయినప్పుడు రాత మధ్యలో ఆగిపోవటం ఇందులోకి వస్తాయి. దీనికి కొత్త డ్రైవు అవసరమే లేదు. కాని పోయిన సమాచారం కావాలంటే ఆ డ్రైవు మీద ఇంకొక్క అక్షరం కూడా రాయకూడదు. రక్షించే సాఫ్ట్‌వేరును అదే డ్రైవులోకి దించుకోవటమంటే, పారేసుకున్న ఉంగరం ఉన్న గోతిలో మట్టి పోయటమే.

మూడోది బ్యాడ్ సెక్టార్లు. ప్రతి డ్రైవులోనూ తయారీదారులు కొంత స్థలం అదనంగా ఉంచుతారు. ఒకచోట రాత నిలవకపోతే డ్రైవు తనంతట తానే ఆ స్థలాన్ని వదిలేసి అదనపు చోటుకు మారుతుంది. ఇలా మార్చిన స్థలాల లెక్కను 'స్మార్ట్' అనే ఏర్పాటు రాసిపెడుతుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో ఎవరైనా చూసుకోవచ్చు. నాలుగైదు ఉండి ఏళ్ల తరబడి అంతే ఉంటే కంగారు లేదు. వారం వారం పెరుగుతోందంటే డ్రైవు సెలవు చెబుతోందన్నమాట. అయితే లెక్క సున్నా ఉంది కదా అని నిద్రపోరాదు. లక్షకు పైగా డ్రైవులను పరిశీలించి గూగుల్ వారు 2007లో ప్రచురించిన పత్రంలో, చెడిపోయిన డ్రైవులలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనలలో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయని తేలింది.

నాలుగోది బోర్డు కాలటం. వాసన వస్తుంది, డ్రైవు తిరగనే తిరగదు. పాతరోజుల్లో అదే మోడలు డ్రైవు బోర్డు తెచ్చి తగిలిస్తే సరిపోయేది. ఇప్పుడు ఒక్కొక్క డ్రైవుకు దాని హెడ్లకు, పళ్లేలకు సరిపోయే కొలతలు బోర్డు మీది చిన్న చిప్పులో రాసి ఉంటాయి. ఆ చిప్పును కూడా కొత్త బోర్డుకు మార్చి అతికించాలి. చెయ్యి తిరిగినవాడికి సాధ్యమే.

అయిదోది అసలు ప్రాణాంతకం: హెడ్డు విరగటం, మోటారు బిగుసుకోవటం, పళ్లెం గీచుకుపోవటం. 'టిక్, టిక్' అని గడియారంలాగా చప్పుడు చేస్తుంది. అప్పుడు చేయవలసింది ఒక్కటే, స్విచ్చి కట్టేయటం. "ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ప్రతిసారీ విరిగిన హెడ్డు పళ్లేన్ని గీకుతూనే ఉంటుంది. ఫ్రిజ్జులో పెట్టి తీస్తే పనిచేస్తుందనే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. తీశాక లోపల పట్టే చెమ్మ మిగిలినదాన్ని కూడా తినేస్తుంది. దీనికి దుమ్ములేని ప్రత్యేక గదిలో, అదే రకం డ్రైవునుంచి తీసిన హెడ్లు బిగించి సమాచారం లాగుతారు. కొత్త డ్రైవు ఖరీదుకు ఎన్నో రెట్లవుతుంది. ఇంత చేసినా ఆ డ్రైవు మళ్లీ వాడకానికి పనికిరాదు.

ఇక నిర్ణయం విషయానికొస్తే, ఇది డిస్కు డ్రైవు ఒక్కదాని సమస్య కాదు. మన శ్రీహరికోటలో ఇదే ప్రశ్న కోట్ల రూపాయల స్థాయిలో, దేశమంతా చూస్తుండగా వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పుకోదగినంతగా. మూడుసార్లూ జవాబు వేరువేరుగా వచ్చింది కాబట్టే అవి మనకు పాఠ్యపుస్తకం.

2001 మార్చి 28న తొలి జి.ఎస్.ఎల్.వి. ఇంజన్లు మండాయి గాని రాకెట్టు కదలలేదు. పక్కన అమర్చిన నాలుగు స్ట్రాపాన్లలో ఒకటి తగినంత బలం చూపలేదని కంప్యూటరు పసిగట్టి ఆఖరి క్షణంలో ఆపేసింది. ఆ ఒక్కదానినీ మార్చారు, మిగిలిన రాకెట్టును అట్టే ఉంచుకున్నారు. మూడు వారాల్లో, ఏప్రిల్ 18న, అది ఎగిరింది.

2013 ఆగస్టు 19న జి.ఎస్.ఎల్.వి. డి5. బయలుదేరటానికి గంటా 14 నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతున్నట్టు కనబడింది. ప్రయోగం ఆపేసి, ఇంధనం ఖాళీచేసి, రాకెట్టును వెనక్కి తీసుకుపోయారు. కారినచోట అతుకువేసి ఊరుకోవచ్చుగదా అనిపిస్తుంది. కాని విచారిస్తే లోపం ఒక్క చోటిది కాదు, ట్యాంకు లోహానిదే అని తేలింది. ఆ మిశ్రమలోహానికి కాలక్రమాన పగుళ్లు వచ్చే స్వభావం ఉంది. ఇవ్వాళ ఇక్కడ పగిలింది, రేపు ఇంకోచోట పగలదని హామీ ఎవరిస్తారు? రెండో దశ మొత్తాన్ని మార్చి, వేరే అల్యూమినియం మిశ్రమంతో చేసిన ట్యాంకు పెట్టారు. స్ట్రాపాన్లు నాలుగింటినీ కూడా కొత్తవి బిగించారు. నాలుగున్నర నెలలు పట్టింది. 2014 జనవరి 5న జీశాట్-14 ఉపగ్రహాన్ని అది కక్ష్యలో పెట్టింది. మన దేశంలో తయారైన క్రయోజెనిక్ ఇంజన్‌కు అదే మొదటి విజయం.

2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగం 56 నిమిషాల ముందు ఆగింది. క్రయోజెనిక్ దశలో హీలియం లీకు అని పత్రికలు రాశాయి. హీలియం కారితే డిస్కు డ్రైవుకైనా, రాకెట్టుకైనా తంటాయేనన్నమాట! ఈసారి రాకెట్టును విడదీయలేదు. లాంచ్‌ప్యాడ్ మీదనే సరిచేసి, జులై 22న పంపారు.

ఈ మూడింటినీ డ్రైవు పక్కన పెట్టి చూడండి. లోపం ఒక్క జాయింటుకు పరిమితమైతే మరమ్మతు, అది మన కేబులు, రబ్బరుతో తుడిచే బిళ్ల. ఒక విడిభాగం మొత్తంగా విఫలమై మిగతావి బాగుంటే ఆ భాగాన్ని మార్చటం, అది కాలిన బోర్డు. లోపం పదార్థంలోనే ఉండి పాకే గుణం గలదైతే మొత్తం మార్పు, అది పెరుగుతున్న బ్యాడ్ సెక్టార్లు. ఆగస్టులో ఆగిన రాకెట్టు మీద ఉపగ్రహానికి ఏమీ కాలేదన్నది కూడా మరవకండి. ముందు విలువైన సరుకును భద్రపరిచి, ఆ తరువాతే వాహనం సంగతి ఆలోచించారు. మనమూ అంతే, డ్రైవు కాస్తయినా పలుకుతున్నంతసేపట్లో ముందు సమాచారం వేరే డ్రైవులోకి ఎక్కించాలి. పరీక్షలు, స్కానింగులు అన్నీ ఆ తరువాతే.

ఖరీదు సంగతి కూడా కాలాన్నిబట్టి మారుతుంది. ఇవ్వాళ కుర్రవాళ్లకు మార్పు సహజమనిపిస్తుంది గాని, మన పూర్వవిద్యార్థులను అడగండి. 1978లో ఐ.బి.ఎం. దేశం వదిలి వెళ్లినప్పుడు, ఇక్కడ మిగిలిన వారి యంత్రాలను నడిపించే భారం 1975లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. మీద పడింది. ఆ పేరులో మధ్య అక్షరానికి అర్థమే మెయింటెనెన్స్! విడిభాగం కావాలంటే దిగుమతి లైసెన్సు, విదేశీ మారకం. 1980లో సీగేట్ వారు తెచ్చిన 5 మెగాబైట్ల డ్రైవు అమెరికాలోనే 1500 డాలర్లు. అటువంటప్పుడు పారేయటం అనే ఆలోచన ఎవరికి వస్తుంది? 1984 నవంబరు కంప్యూటర్ విధానంతో దిగుమతులు సడలాక, ధరలు పడిపోయాక లెక్క తలకిందులైంది. మళ్లీ 2011లో థాయిలాండులో వరదలొచ్చి కర్మాగారాలు మునిగితే డ్రైవుల ధరలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. కాబట్టి నిరుటి ధర చూసి ఈ ఏడు నిర్ణయం చేయరాదు.

సమాచారం విలువకు ఒక ఉదాహరణ చెప్పి తీరాలి. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా నౌక ముక్కలై నేలరాలింది. నెలల తరువాత, ఎండిన ఒక చెరువు మడుగులో, శిథిలాలతోపాటు కాలి కమిలిన డిస్కు డ్రైవు దొరికింది. జినాన్ వాయువు మీద అంతరిక్షంలో చేసిన ప్రయోగం ఫలితాలు అందులో ఉన్నాయి. వస్తువుగా దానికి పాత ఇనుము ధర కూడా రాదు. కాని పళ్లేలను శుభ్రపరిచి వేరే డ్రైవులో అమర్చితే నూటికి 99 వంతుల సమాచారం తిరిగొచ్చింది. 2008లో ఆ పరిశోధన పత్రం అచ్చయింది. మళ్లీ చేయటానికి వీల్లేని ప్రయోగమది, అందుకే అంత శ్రమ. డౌన్‌లోడు చేసిన సినిమాలున్న డ్రైవుకు అంత శ్రమ ఎవరూ పడరు, పడకూడదు. మన పరిశోధక విద్యార్థి మూడు సీజన్లు పొలాల వెంట తిరిగి రాసుకున్న కొలతలయితే? అది వాళ్లు, వాళ్ల గైడు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క.

సి.డి., డి.వి.డి. డ్రైవులకు ఇంత చర్చ అక్కర్లేదు. లెన్సు తుడిచి చూడటం, కాకపోతే మార్చటం. వాటిలో మన సమాచారమేమీ ఉండదు. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలు లేవు కాబట్టి టిక్కుమనే హెచ్చరిక కూడా లేదు, పోతే తరచు ఉన్నట్టుండి పోతుంది. అందులో చెరిపిన ఫైలును తిరిగి రాబట్టటం పాత డ్రైవుకన్నా చాలా కష్టం. గ్యారంటీ ఉందికదా అని ధైర్యపడేవారికి ఒక మాట: గ్యారంటీ కింద కంపెనీ ఇచ్చేది ఖాళీ డ్రైవు. సాధారణంగా పాతది వాళ్లే ఉంచుకుంటారు.

చివరగా డిపార్టుమెంటు ల్యాబుల సంగతి. చెడిన డ్రైవు స్టాకు రిజిస్టరులో ఉంటుంది, కండెమ్ చేసే కమిటీ కూర్చునేదాకా బీరువాలో పడివుంటుంది. అందులో మార్కుల జాబితాలు, విద్యార్థుల వివరాలు ఉండవచ్చు. మనకు తెరుచుకోని డ్రైవు ఇంకొకరికి తెరుచుకోదనుకోవటం పొరపాటు. పనిచేస్తుంటే పూర్తిగా తుడిచిపెట్టే సాఫ్ట్‌వేరు నడిపి, పనిచేయకపోతే పళ్లేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ఆ తరువాత అనుమతిగల ఈ-వేస్టు సంస్థకు రశీదు తీసుకుని అప్పగించాలి. రశీదును స్టాకు రిజిస్టరులో ఆ డ్రైవు నంబరు ఎదురుగానే అంటించమని అటెండరుకు చెప్పండి.