కలివికోడి జాడ

కడప జిల్లాలో సిద్ధవటం దాటి లంకమల కొండల పాదాలకు చేరితే నేల ఎర్రగా, రాళ్ళమయంగా కనిపిస్తుంది. అక్కడ వాన తక్కువ, పెద్ద చెట్లు అరుదు. కలివి, రేగు, తుమ్మ వంటి ముళ్ళపొదలు గుబురుగుబురుగా పెరిగి, వాటి నడుమ బోడినేల పరచుకొని ఉంటుంది. ఇటువంటి నేలను బంజరు అనడం వాడుక. ఆంధ్రప్రదేశ్‌కు వెలుపల ప్రపంచంలో ఎక్కడా ఇటీవలి కాలంలో ఉనికి రుజువు కాని ఒక పక్షి ఈ బంజరునే ఇల్లుగా చేసుకొన్నది. దానిని కలివికోడి అంటారు.

పేరులో కోడి ఉన్నదే గాని అది కోడిజాతికి చెందదు. తీతువుకు దూరపు చుట్టమనవచ్చును. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కాళ్ళు సన్ననివి, కళ్ళు పెద్దవి. రొమ్ము మీద గోధుమరంగు పట్టీలు రెండు, వాటి మధ్య ఒక తెల్లని పట్టీ ఉంటాయి. దాని శాస్త్రీయనామం రైనోప్టైలస్ బైటార్క్వేటస్‌లోని రెండవ మాటకు రెండు కంఠాభరణాలు కలది అని అర్థం. ఇంగ్లీషులో దీనిని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉంటూ పక్షులను పరిశీలించిన థామస్ జెర్డాన్ దీనిని వెలుగులోకి తెచ్చాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి వర్ణించి చెప్పాడు.

ఆ తరువాత పెన్నా, గోదావరి లోయలలో అక్కడక్కడ ఇది కనిపించింది. 1900లో అనంతపురం ప్రాంతంలో ఒకసారి కనిపించిన పిమ్మట దాని మాటే లేదు. వెతికినవారు ఉన్నారు, దొరకలేదు. అంతరించిందనే చాలామంది నిశ్చయించుకొన్నారు. దొరకకపోవడానికి ఒక కారణం తరువాత గాని తెలియలేదు. ఇది నిశాచరి. పగలంతా పొదల నీడన కదలకుండా ఉండి, చీకటి పడిన తరువాత మేతకు బయలుదేరుతుంది. పగటిపూట దుర్భిణి పట్టుకొని తిరిగేవారికి అది కనిపించే అవకాశం చాలా తక్కువ. రాత్రులు అడవిలో తిరిగే వేటగాళ్ళకు మాత్రం ఇది కొత్త పిట్ట కాదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ పండితులతో ఆగక, స్థానికులను అడిగి తెలుసుకొంటూ వచ్చాడు. 1986 జనవరిలో సిద్ధవటానికి సమీపాన రెడ్డిపల్లి వద్ద ఒక స్థానికుడు రాత్రివేళ ఈ పక్షిని ప్రాణంతో పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళ తరువాత దొరికిన ఆ పక్షి ఎక్కువకాలం బ్రతకలేదు. అయినా జాతి బ్రతికే ఉన్నదని అది రుజువు చేసింది. అనతికాలంలోనే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఒక పక్షిని కాపాడాలంటే ముందుగా అది ఎక్కడ ఉన్నదో, ఎటువంటి చోటును కోరుతుందో తెలియాలి. కంటికే కనిపించని దానిని గురించి ఈ సంగతులు తెలుసుకొనడం ఎట్లా? ఈ చిక్కును శాస్త్రజ్ఞులు విప్పిన తీరు ముచ్చటైనది. పొదల నడుమ నేలను చదును చేసి, సన్నని మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి ఆ దారిన నడిచిన ప్రతి ప్రాణీ తన ముద్ర వదలిపోతుంది. తెల్లవారగానే వచ్చి ముద్రలను కొలిచి, మట్టిని మళ్ళీ చదును చేసేవారు. కలివికోడి పాదానికి ముందువైపు మూడు వేళ్ళే గాని వెనుక వేలు లేదు. దాని బంధువులలో మరికొన్నింటికీ ఇదే లక్షణం ఉన్నందున, వేళ్ళ పొడవును, వాటి మధ్య ఎడాన్ని కొలిచి పోల్చుకొనవలసి వచ్చింది. ఇందుకు డబ్బు కన్న ఓపిక ఎక్కువ కావాలి. దీనికి తోడు, ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే బొమ్మ తీసే కెమెరాలను అమర్చారు. పక్షి అరుపును కూడ గుర్తించారు. సూర్యుడు అస్తమించిన ముప్పావుగంటకు మొదలై, కొద్ది నిమిషాలు మాత్రమే సాగే రెండు స్వరాల కేక అది. రికార్డు చేసిన కేకను చీకటిలో వినిపించి, బదులు వస్తుందేమోనని చెవియొగ్గి వినడం తరువాతి పద్ధతి.

ఈ ముద్రలూ, కేకలూ దొరికిన చోట్ల పొదలను లెక్కించగా ఒక విశేషం బయటపడింది. రెండు మీటర్లకు మించి ఎత్తుగల పెద్దపొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్నపొదలు 1,000 కన్న తక్కువగా ఉన్నచోట్లనే కలివికోడి మసలుతున్నది. దట్టమైన అడవి దానికి పనికిరాదు, పూర్తిగా నరికివేసిన నేలా పనికిరాదు. పశువులు మేసే నేలలో పొదలు ఒకదానినొకటి కమ్ముకొనకుండా ఉంటాయి. మేకలు, గొడ్డళ్ళు మితిమీరితే పొదలే మిగలవు. మనిషిని వెళ్ళగొట్టి కంచె వేస్తే చాలుననుకొనేవారు ఈ లెక్కను చూడవలసి ఉన్నది. అలాగే బంజరులో చెట్లు నాటడం ఎల్లవేళలా మంచిపనేనని నమ్మేవారు కూడ.

నేలకు ఉన్న గిరాకీ ఎంతటిదో 2005లో తేటతెల్లమయింది. కృష్ణా జలాలను రాయలసీమ మీదుగా చెన్నైకి చేర్చే తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు వచ్చి, ఈ పక్షి తిరిగే పొదలలోనే త్రవ్వకం మొదలుపెట్టాయి. పరిశోధకులు ఆ సంగతిని అధికారుల దృష్టికి తెచ్చారు. పని ఆగింది, చివరకు కాలువ దారి మార్చారు. కరువుసీమకు నీరు వద్దనేవారు ఎవరూ లేరు. ఏ పొదలో ఏమున్నదో ముందే కొలిచి ఉంచిన కారణంగానే, నీటిని ఆపకుండా దారి ఒక్కటి మార్చమని అడగడానికి వీలు కలిగింది.

ఇక జన్యుశాస్త్రం మాట. పెరిగిన కలివికోళ్ళు 250కి లోపుగానే ఉంటాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంచనా. ఇంత చిన్న గుంపుకు వేటగాని వల కన్న మెల్లగా పనిచేసే అపాయం మరొకటి ఉన్నది. ప్రతి ప్రాణీ తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి చొప్పున జన్యువుల జతలు పొందుతుంది. గుంపు చిన్నదైతే, కొన్ని రకాల జన్యువులు ఏ పిల్లకూ అందకుండానే పోతాయి. సంతానం కనే పక్షులు 10 మాత్రమే ఉంటే, ఒక్కొక్క తరంలో జన్యువైవిధ్యం 20వ వంతు చొప్పున తరుగుతుందని గణితం చెబుతుంది. పది తరాలకు మొదట ఉన్నదానిలో 60 శాతమే మిగులుతుంది. అదే 500 పక్షులుంటే, పది తరాలకు పోయేది 1 శాతం మాత్రమే. దగ్గర చుట్టాలే జతకట్టవలసి రావడంతో దాగి ఉన్న లోపాలు బయటపడతాయి. కొత్త రోగం వచ్చినపుడు తట్టుకొనే పక్షి ఆ గుంపులో లేకపోవచ్చును. కాబట్టి పొదల ప్రాంతం ముక్కలై, ఈ ముక్కలోని పక్షి ఆ ముక్కలోనిదాన్ని కలవలేని స్థితి వస్తే, మొత్తం లెక్క తగ్గకపోయినా నష్టం మొదలయినట్లే.

కలివికోడి విషయంలో జన్యుపరీక్ష ఇంతవరకు తేల్చిన చిక్కుముడి మాత్రం ఒక గుడ్డుది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో పాత సేకరణల మధ్య ఒక గుడ్డు ఉండిపోయింది. కోలారు బంగారుగనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించినది అది. ఈ పక్షి గుడ్డును అంతవరకు గుర్తించినవారు లేరు గనుక, పోల్చి చూడడానికి మరొకటి లేదు. గుడ్డునుంచి తీసిన డి.ఎన్.ఎ.ను, మ్యూజియములలో భద్రపరచిన పక్షి చర్మాలనుంచి తీసిన డి.ఎన్.ఎ.తో పోల్చగా రెండూ ఒకే జాతివని తేలింది. 2013లో ఈ వార్త పత్రికలకెక్కింది. నూరేళ్ళ నాటి ఎండిన చర్మం, పెంకు కూడ మాట్లాడగలవన్నమాట. అటువంటప్పుడు సన్నమట్టి పట్టీ పక్కన రాలిపడిన ఒక్క ఈక మరెంత చెప్పగలదో ఊహించవచ్చును. పక్షిని పట్టకుండానే అది ఆడో మగో, ఒకే పక్షి రెండుచోట్ల తిరుగుతున్నదో, రెండు పక్షులు ఎంత దగ్గరి చుట్టాలో తెలుసుకొనే పద్ధతులు ఇతర జాతుల విషయంలో వాడుకలో ఉన్నవే.

అయితే ఆ ఈక దొరకాలి. ఈ శతాబ్దపు తొలి పదేళ్ళు గడిచాక పక్షి మళ్ళీ మాయమయింది. ఏళ్ళ తరబడి వెతికినా నమ్మదగిన ఆనవాలు చిక్కలేదు. ఈసారి రాత్రివేళల్లోనే వెతికినవారికి కూడ చిక్కలేదు. ఆశ వదులుకొంటున్న సమయంలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పక్షులను పరిశీలించే ఒక చిన్న బృందానికి చీకటిలో ఆ రెండు స్వరాల కేక వినిపించింది. వారు దానిని రికార్డు చేయగలిగారు.