కారుకీ కావాలి కందెన



"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఎడ్లబండి ఇరుసు కీచుమంటే ఆ గోల పడలేక బండివాడు దిగి కందెన పూసేవాడు. కారుకి ఆ సంగీతం కూడా ఉండదండీ. కిమ్మనకుండా తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు మన చెవిన పడేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. అంచేత ఇవాళ ఇంజను ఆయిలు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "కారు గొడవ మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకూ" అని రేడియో కట్టెయ్యకండి. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. దానికి మా ఇంట్లో ఏం మూల్యం చెల్లించామో ముందు చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మేమొక పాత కారు కొనుక్కున్నాం. రోజూ ఉదయం వాకిలి కడిగేటప్పుడు, కారు నిలిపే చోట గచ్చుమీద రూపాయి బిళ్ళంత నల్లటి మరక కనిపించేది. సబ్బుపొడి వేసి చీపురుతో రుద్ది కడిగేసేదాన్ని. మర్నాడు మళ్ళీ మరకే. "ఈ పాడు మరక వదలదు గదా" అని విసుక్కున్నానే గాని, అది ఎక్కడినుంచి వస్తోందని వంగి చూడలేదు. ఓ రోజు అమలాపురంనుంచి రావులపాలెం పెళ్ళికి బయల్దేరాం. కొత్తపేట దాటుతుండగా స్టీరింగు వెనకాల ఎర్రగా చిన్న దీపం వెలిగింది, అలాద్దీను దీపం బొమ్మలాగ. "ఏమండీ, అదేమిటి?" అన్నాను. "పాతబండి కదా, ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుందిలే" అన్నారు మావారు. నేనూ ఊరుకున్నాను. మరికాస్త దూరం వెళ్ళామో లేదో లోపల టకటకమని చప్పుడు, ఆపైన ఇంజను పట్టేసి బండి ఆగిపోయింది.

మెకానిక్కు వచ్చి కొలతపుల్ల లాగి చూసి, "ఆయ్, నూనె చుక్క లేదండి అమ్మగారూ!" అన్నాడు. అడుగున ఉండే బిరడా దగ్గర వాషరు అరిగి, రోజుకిన్ని చుక్కలు కారిపోయాయట. ఆ చుక్కల్నే నేను రోజూ శుభ్రంగా కడిగి పారబోశాను! అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు ఇంజను రిపేరుకి పోయింది. ఆ రోజునుంచీ మా ఇంట్లో ఆయిలు చూసే పని నాది.

ఇంతకీ ఆయిలు చేసే పనేమిటి? ఇంజనులో ఇనుప భాగాలు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటాయి. వాటి మధ్య పల్చటి పొరగా నిలిచి, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా కాపాడేది ఆయిలే. వేడిని లాక్కుంటుంది, మసినీ మడ్డినీ తనలో కలుపుకుని ఫిల్టరుకి చేరుస్తుంది. మనం చిన్నతనంలో మొహం చిట్లించి తాగిన ఆముదానికీ ఇందులో పాలుందండోయ్. 1909లో ఇంగ్లండులో ఆముదం కలిపి చేసిన ఒక ఇంజను ఆయిలుకి, ఆముదం ఇంగ్లీషు పేరు మీదుగానే కాస్ట్రాల్ అని పేరు పెట్టారు.

ఆయిలు చూసుకోవడం పప్పు ఉడికిందో లేదో చూసినంత తేలిక. కారు చదునైన నేలమీద ఉండాలి. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగండి. బానెట్టు ఎత్తితే పసుపుపచ్చ ఉంగరంలాంటి పిడి ఒకటి కనిపిస్తుంది, కొన్నిటికి నారింజరంగు కూడా ఉంటుంది. అది పట్టుకు లాగితే పొడుగాటి ఉక్కుపుల్ల వస్తుంది. దాన్ని పీచు రాలని పాత నూలుగుడ్డతో తుడిచి, మళ్ళీ అడుగంటా దూర్చి, ఇంకోసారి లాగి చూడాలి. మొదటిసారి చూసిన కొలత లెక్కకి రాదు. కొనదగ్గర రెండు గుర్తులుంటాయి. ఆయిలు ఆ రెండిటి మధ్య ఉంటే నిశ్చింత. కింది గుర్తుకి దిగితే, అదే రకం ఆయిలు కొద్దికొద్దిగా పోసి మళ్ళీ కొలవండి. ఎక్కువైతే మంచిదే కదా అని పై గుర్తు దాటించకండి. లోపల తిరిగే కడ్డీ దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది. నురగ కందెన పని చెయ్యదు.

రంగు కూడా గమనించండి. కొత్త ఆయిలు తేనెరంగులో ఉంటుంది, వాడిన కొద్దీ నల్లబడుతుంది. డీజిలు బండిలో అయితే మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది, భయం లేదు. కాని పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో నీళ్ళు చేరాయన్న అనుమానం. వెంటనే మెకానిక్కుకి చూపించాలి.

ఇది మన కోనసీమ వాళ్ళు మరీ గుర్తుంచుకోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి, లంక గ్రామాలు నీట మునిగిన సంగతి మనం మరిచిపోలేదు. వరదలో నిలబడ్డ కారుని, నీళ్ళు తీశాయి కదా అని తాళం తిప్పి స్టార్టు చేయకూడదు. నీరు గాలిలాగ నొక్కితే నొక్కుకోదు. సిలిండరులో నీళ్ళున్నప్పుడు ఇంజను తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. కొలతపుల్ల బాగానే కనిపించినా సరే, మెకానిక్కు చూసి సరేనన్నాకే స్టార్టు చెయ్యాలి. నీళ్ళు పారుతున్న కాజ్‌వేమీద కారు నడపడమూ అంతే ప్రమాదం.

ఆ ఎర్రదీపం సంగతి కూడా చెప్పాలి. అది ఆయిలు కొలత చెప్పే దీపం కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పే దీపం. అంటే అది వెలిగేసరికే ఆలస్యమైందన్నమాట. కారు నడుస్తుండగా వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజను ఆపెయ్యాలి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకోకూడదు.

ఇక ఆయిలు మార్చడం. వారంటీలో ఉన్న కొత్త కారైతే కంపెనీ సర్వీసులోనే చేయించండి. పాతకారైతే ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఒట్టేసి చెబుతున్నాను. జాకీ ఎత్తిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, పిల్లల్ని అసలు రానివ్వకూడదు. కింద చెయ్యి ఆడేంత చోటు లేకపోతే గారేజీకి పంపడమే మంచిది.

హేండ్‌బ్రేకు వేసి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టండి. ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే ఆయిలు పల్చబడి బాగా దిగుతుంది. మరీ సలసల కాగనివ్వకండి, చెయ్యి కాలుతుంది. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, అడుగున బిరడా కింద పాత బేసిను పెట్టి, పానాతో విప్పండి. చుక్కలు ఆగేదాకా ఓ పావుగంట వదిలెయ్యండి. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుపోయిందేమో చూసుకోండి. కొత్త ఫిల్టరు రింగుకి కాస్త కొత్త ఆయిలు రాసి చేత్తోనే బిగించాలి. బిరడాకి కొత్త వాషరు వెయ్యండి. నాలుగు డబ్బుల ఆ వాషరు విలువేమిటో నన్నడగండి!

పైన మూత తీసి గరాటుతో కొత్త ఆయిలు పోయాలి. చిన్నకార్లకి సుమారు మూడు లీటర్లు పడుతుంది. మీ కారుకి ఎంత, ఏ రకం అన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. పాతకార్లకి 20డబ్ల్యూ-40, ఇప్పటి వాటిలో చాలావాటికి 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 వంటి పల్చటివి వాడతారు. ముందు కొంచెం తక్కువే పోసి, ఇంజను ఒక నిమిషం నడపండి. ఎర్రదీపం కొద్ది సెకన్లలో ఆరిపోవాలి, కింద చుక్క కారకూడదు. ఆపి, పది నిమిషాలయ్యాక కొలత చూసి మిగతాది సరిచెయ్యండి.

ఎన్నాళ్ళకోసారి మార్చాలి? పుస్తకంలో చెప్పినన్ని కిలోమీటర్లకి, లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు. "మా కారు బడికీ బజారుకీ తప్ప ఎక్కడికీ వెళ్ళదు" అని కొందరంటారు. అలాంటి బండికే ఆయిలు త్వరగా పాడవుతుంది. ఇంజను సరిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపలి చెమ్మ ఆరిపోదు. గ్యాసు బండ వచ్చిన తేదీ రాసుకునే కేలెండరులోనే ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లూ రాసుకోండి. బేటరీ కారున్న వాళ్ళకి ఈ బెడదే లేదు, వాటికి ఇంజను ఆయిలు ఉండదు.

చివరిగా ఒక్క మనవి. వాడేసిన ఆయిలు కాలవలో పొయ్యకండి, కొబ్బరిచెట్ల పాదుల్లో అసలే పొయ్యకండి. ఆ కాలవ నీళ్ళే మన పొలానికీ పశువుకీ ఆధారం. పాత డబ్బాలో పోసి మూత బిగించి, వాడిన ఆయిలు తీసుకునే గారేజీలో ఇవ్వండి. దాన్ని శుద్ధిచేసి మళ్ళీ వాడుకునే కర్మాగారాలున్నాయి. పని అయ్యాక చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, ఆ నల్లమడ్డి ఒంటికి మంచిది కాదు.

రేపు వాకిలి కడిగేటప్పుడు కారు కింద మరక కనిపిస్తే, చీపురు తియ్యకముందు ఒక్కసారి వంగి చూడండి. నేను చెప్పదల్చుకున్నది అంతే.

సెలవు.