కిటికీ అవతల పన్నెండుమంది

నాటకం బాగా పండింది. ఆ ఆనందంలో విందు, ఆటపాటలు. రాత్రి కిటికీ పక్కన నిద్రపోతున్న అంజలి మీదకు బయటి నుంచి ఒక చెయ్యి వచ్చింది. మలయాళ చిత్రం 'ఆట్టం' ఆ నేరాన్ని సాగదీయదు, చూపించి సొమ్ము చేసుకోదు. తెల్లారాక ఎవరేం మాట్లాడారన్నదే దీని కథ.

'అరంగు' అనే నాటక బృందంలో పన్నెండుమంది మగవాళ్లు. అంజలి ఒక్కతే ఆడమనిషి. ఆ చెయ్యి ఈ పన్నెండుమందిలో ఒకరిది. దర్శకుడు ఆనంద్ ఏకర్షికి ఇదే తొలి సినిమా. నటుల్లో చాలామంది ఏళ్లుగా కలిసి నాటకాలాడిన మిత్రులు కావడంతో, వాళ్ల పోట్లాటలు రాసిపెట్టిన డైలాగుల్లా వినిపించవు.

మొదట అనుమానం హరి మీదకు వెళ్తుంది. సినిమాల్లో పేరున్నవాడు, ఈమధ్యే వచ్చి ప్రధాన పాత్ర కొట్టేసినవాడు. వాణ్ని బృందం నుంచి తీసెయ్యాలని అందరూ ఒక ఇంట్లో చేరి తీర్మానిస్తారు. ఎంత ఆవేశమో! ఇంతలో విదేశాల్లో ప్రదర్శనలకు పిలుపొచ్చిందన్న కబురు. ఖర్చులు, డబ్బు, విమానం. అక్కణ్నుంచి గొంతులు మారతాయి. అంజలి అబద్ధమాడిందని ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. తాగి ఉంది కదా, చీకటి కదా, పొరబడిందేమో అంటూ చుట్టూ తిరుగుతారు. ప్రేమికుడు వినయ్‌నైనా నమ్ముదామంటే, అతని కోపంలో సగం చేజారిన పాత్ర గురించే. పైగా విడాకులు తేలేదాకా తమ బంధం బయటపడకూడదన్న భయం ఒకటి.

దీన్ని సిడ్నీ లూమెట్ తీసిన '12 యాంగ్రీ మెన్' (1957)తో పోల్చారు. ఆ పోలిక సగమే నిజం. అక్కడ సందేహం ఒక నిందితుణ్ని కాపాడుతుంది. ఇక్కడ అదే సందేహం తిరిగి తిరిగి ఫిర్యాదు చేసిన మనిషి మీద వాలుతుంది. పని ప్రదేశంలో వేధింపులపై 2013లో వచ్చిన చట్టం, విచారణ కమిటీకి మహిళే అధ్యక్షురాలిగా ఉండాలని, సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలు కావాలని ఎందుకు పట్టుబట్టిందో ఈ రచ్చబండ చూస్తే అర్థమవుతుంది. అంజలిగా జరీన్ షిహాబ్ ఎక్కువ మాట్లాడదు. వింటుంది. ఆ వినడమే ఈ సినిమాలో గొప్ప నటన.

2024 ఆగస్టు 16న ఈ సినిమాకు ఉత్తమ చిత్రం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ విభాగాల్లో జాతీయ అవార్డులు ప్రకటించారు. సరిగ్గా మూడు రోజులకు జస్టిస్ హేమ కమిటీ నివేదిక వెలుగు చూసింది. 2019 డిసెంబరులో ప్రభుత్వం చేతికందిన ఆ కాగితాలు, మలయాళ పరిశ్రమలో ఆడవాళ్లు పడ్డ పాట్లను మూటగట్టుకుని నాలుగున్నరేళ్లు బీరువాలో ఉన్నాయి. కేరళను చూసి మనం బుగ్గలు నొక్కుకోనక్కర్లేదు. తెలుగు పరిశ్రమలో లైంగిక వేధింపులపై 2019లో తెలంగాణలో వేసిన ఉపసంఘం నివేదికను బయటపెట్టమని ఆ ఆగస్టులోనే సమంత బహిరంగంగా కోరాల్సి వచ్చింది.

దోషి ఎవరో తెలుసుకోవాలన్న ఉబలాటంతో సినిమా మొదలుపెడితే, చివరికొచ్చేసరికి ఆ ఉబలాటం మీదే చిరాకేస్తుంది. ముగింపు నేను చెప్పను. ఇంటిల్లిపాదీ కలిసి చూడొచ్చా అని అడిగేవారికి మాత్రం ఒక మాట: ఎదిగిన మగపిల్లలుంటే తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.