ఇది నాలా కాదు బేటా, మూసీ నది

నయాపుల్ మీద ట్రాఫిక్‌లో ఆటో ఆగితే చాలు, అందరి చేతులూ ముక్కు మీదకి పోతాయి. "అబ్బా, ఈ నాలా ఎంత కంపు కొడుతోంది!" అంటారు పిల్లలు. ఇది నాలా కాదు బేటా, నది అని చెప్పడానికి మనకి నోరు రాదు. హైదరాబాద్ పుట్టిందే ఈ నది ఒడ్డున. 1578లో కట్టిన పురానా పుల్ నగరం కంటే 13 ఏళ్ళు పెద్దది. అలాంటి నదిని మన కళ్ళ ముందే ఇలా చేసుకున్నామంటే బాధా వేస్తుంది, కోపమూ వస్తుంది.

మూసీ పుట్టుకతో మురికిది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. 1908 సెప్టెంబరులో పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మన దాదీలు, నానీలు గొప్పగా చెప్పుకునే గండిపేట నీళ్ళు ఆ ఉస్మాన్ సాగర్ నీళ్ళే.

మరి నల్లగా ఎందుకు మారింది? మంచి నీళ్ళు పైన చెరువుల్లోనే ఆగిపోతాయి. గేట్లు ఎత్తిన రోజుల్లో తప్ప, నగరంలో పారేది చాలావరకు మన ఇళ్ళ నీళ్ళే. బాత్‌రూమ్, వంటిల్లు, వాషింగ్ మెషిన్ నీళ్ళన్నీ నాలాల్లో కలిసి మూసీలో పడుతున్నాయి. ఫ్యాక్టరీల రసాయనాలు దీనికి తోడు. ఈ మురికిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ని తినేస్తాయి. ఆక్సిజన్ అయిపోతే చేపలు బతకవు, కుళ్ళిన గుడ్ల వాసన మొదలవుతుంది. వంతెన మీద మన ముక్కుకి తగిలేది అదే. నీళ్ళు పైనుంచి దూకే చోట కనిపించే తెల్లటి నురగలో మన సబ్బులూ, సర్ఫూ ఉన్నాయి.

అంబర్‌పేటలో రోజుకి 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్ ఉంది. అలాంటివి ఇంకా ఉన్నాయి. కానీ ప్లాంట్‌కి చేరకుండా నేరుగా నదిలో పడే మురుగు సంగతేంటి?

నగరం దాటాక మూసీ మాయమైపోదు. దిగువన యాదాద్రి, నల్గొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా వెళ్ళి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడవునా రైతులు ఆ నీళ్ళతోనే వరి, పశువులకి గడ్డి పెంచుతున్నారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు, ఆ పొలాల బియ్యం మళ్ళీ మన ఇళ్ళకే రావచ్చు. మనం వదిలింది మన దస్తర్‌ఖాన్ మీదకే తిరిగొస్తోందన్నమాట.

వాడిన నూనె సింకులో పోయకండి. పాత మందులు టాయిలెట్‌లో వేయకండి. బక్రీద్ రోజు వ్యర్థాలు నాలాలో పడేయకుండా సంచిలో కట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. అయితే మనం ఒక్కరం మారితే నది బాగుపడదు. ప్రతి నాలా నీరూ శుద్ధి అయ్యాకే నదిలో కలవాలి. అది ప్రభుత్వం పని. ఓట్లు అడగడానికి గల్లీకి వచ్చినవాళ్ళని రోడ్డు, కరెంటు గురించి అడుగుతాం కదా, మన నాలా ఎక్కడికి పోతోందో కూడా అడుగుదాం.

ఈసారి నయాపుల్ మీద పిల్లలు ముక్కు మూసుకుంటే, ముందు దాని పేరు చెప్పండి.