లొంగినా దక్కని తల

1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్ యుద్ధంలో ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ ఒక్క పగటిలో నేలకొరిగాడు. ఆయన్ని కొలిచిన ఆంగ్లో-శాక్సన్ ప్రభువులు మాత్రం ఏళ్ల తరబడి, ఒక్కొక్కరుగా కూలిపోయారు. ఆ పతనం ఎలాంటిదో తెలియాలంటే వాల్తియోఫ్ కథ వినాలి.

తండ్రి సివర్డ్ నార్తంబ్రియా ఎర్ల్, అంటే రాజు తరఫున ఉత్తరాదిని ఏలిన ప్రభువు. అన్న 1054లో మక్బెత్ మీద యుద్ధంలో పోయాడు, మరుసటి ఏడే తండ్రీ కన్నుమూశాడు. కుర్రవాడైన వాల్తియోఫ్‌కు తండ్రి పదవి దక్కలేదు.

1067లో హేస్టింగ్స్ విజేత, నార్మన్ల ప్రభువు, ఇంగ్లండ్ కొత్త రాజు విలియం నార్మండీకి వెళ్తూ ఇతన్నీ వెంటబెట్టుకుపోయాడు. పేరుకు అతిథి, నిజానికి బందీ. 1069లో విలియం మీదికి డేన్ల ఓడలు హంబర్ నదిలోకి రాగానే వాల్తియోఫ్ వాళ్లతో కలిశాడు. యార్క్ ద్వారం దగ్గర నిలబడి, బయటికొచ్చిన నార్మన్లను వచ్చినవాణ్ణి వచ్చినట్టే నరికాడని చరిత్రకారుడు మామ్స్‌బరీ విలియం రాశాడు. రాజు కసి మాత్రం పల్లెల మీద పడింది. ఆ చలికాలం ఉత్తరాదిలో ఇళ్లు, ధాన్యం, పశువులు ఏవీ మిగల్చలేదు. జనం ఆకలితో మాడి చచ్చారు.

వాల్తియోఫ్ లొంగిపోయాడు. రాజు క్షమించాడు, మేనకోడలు జూడిత్‌నిచ్చి పెళ్లి చేశాడు, 1072లో నార్తంబ్రియా కట్టబెట్టాడు. ఇతనేమీ పుణ్యాత్ముడు కాడు. తాత హత్యకు పగగా, శత్రువు కొడుకులు విందులో ఉండగా మనుషుల్ని పంపి చంపించాడు.

1075లో మరో విందు ఇతని కొంప ముంచింది. ఈస్ట్ ఆంగ్లియా ఎర్ల్ రాల్ఫ్ పెళ్లి అది, వధువు హెర్‌ఫర్డ్ ఎర్ల్ రోజర్ చెల్లెలు. బావా బావమరుదులు రాజును దించే పన్నాగం ఇతని చెవిన వేశారు. భయపడి ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ దగ్గర అంతా చెప్పేశాడు. ఆయన సలహా మీద సముద్రం దాటి, నార్మండీలో ఉన్న రాజు కాళ్ల మీద పడ్డాడు. రాజు అప్పటికి తేలిగ్గా తీసుకున్నట్టే కనిపించి, ఇంగ్లండ్ చేరాక చెరలో వేయించాడు.

తిరుగుబాటు విఫలమై రాల్ఫ్ బ్రిటనీకి పారిపోయాడు. రోజర్‌కు నార్మన్ చట్టం వర్తించింది, జైలుతో సరిపెట్టారు. వాల్తియోఫ్‌కు ఇంగ్లిష్ చట్టం వర్తించింది, దాని ప్రకారం మరణమే. కత్తి పట్టినవాడు బతికి, తానే వచ్చి చెప్పుకున్నవాడు చావడాన్ని నేను న్యాయమని ఒప్పుకోలేను.

1076 మే 31న వించెస్టర్ బయటి సెయింట్ గైల్స్ గుట్ట మీద, ఊరు లేవకముందే తల తీశారు. జనం లేస్తే అడ్డుపడతారని వాళ్ల భయం. ప్రార్థన ముగిసేదాకా ఆగమని బతిమాలాడని, సగంలో ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోతే తలారి వేటు వేశాడని ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి రాశాడు. తెగిన తల మిగతా ప్రార్థన పూర్తిచేసిందని జనం చెప్పుకున్నారు. ఓడిపోయిన జాతి తన దొరను దేవుడి పక్కన నిలబెట్టుకుంది.

పదేళ్ల తర్వాత 1086లో రాజు దేశమంతటి భూముల లెక్కలు రాయించాడు. నేరుగా రాజు నుంచే భూములు పొందిన పెద్ద భూస్వాముల్లో ఇంగ్లిష్‌వాళ్లు ఇద్దరే తేలారు.