విమానానికి మేడి

పిల్లలూ! గంభీరావుపేట చుట్టుపక్కల, ఎగువ మానేరు నీళ్లు పారే పొలాల్లో ఇప్పుడు ట్రాక్టర్లే ఎక్కువగా కనిపిస్తాయి. అయినా మీ తాతనడిగి చూడండి: నాగలికి మేడి ఎంత ఎత్తున ఉండాలి? ఆయన టేపు పెట్టి కొలిచి చెప్పడు. నిలబడి, చెయ్యి చాచి, ‘ఇదిగో, ఇక్కడికి రావాలె’ అని చూపిస్తాడు. మేడి మరీ పొట్టిదైతే నడుము వంగిపోతుంది. మరీ పొడుగైతే భుజం లాగుతుంది. పొద్దు వాలేసరికి దున్నినవాడికి ఒళ్లు హూనం, చాలేమో వంకర!

చిన్న విమానానికి కూడా ఇలాటి మేడి ఒకటి ఉంటుంది. దాన్ని కంట్రోలు స్టిక్కు అంటారు. విమానం నడిపేవాడి రెండు మోకాళ్ల మధ్య, నేలలోనుంచి లేచి నిలబడి ఉంటుంది ఆ కర్ర. దాన్ని ముందుకు తోస్తే తోకమీది పలక కదిలి విమానం ముక్కు వంచుతుంది. వెనక్కు లాగితే ముక్కెత్తుతుంది. ఎడమకు వంచితే రెక్కల చివర ఉన్న పలకలు ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగి విమానం ఎడమకు ఒరుగుతుంది. ఇక కాళ్లకింద రెండు పెడళ్లున్నాయి. అవి తోకమీద నిలువుగా ఉన్న చుక్కానిని తిప్పుతాయి. సిరిసిల్లలో మరమగ్గాలు రాకముందు చేమగ్గం నేసినవాళ్లకు ఈ సంగతి వింతగా తోచదు. చేతులకొక పని, కాళ్లకొక పని, రెండూ ఒకేసారి!

మొదట్లో ఈ కర్ర లేనే లేదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరినప్పుడు విమానంమీద బోర్లా పడుకొని, నడుముకింద ఒక చట్రాన్ని అటూ ఇటూ జరుపుతూ రెక్కలను మెలిపెట్టారు. ముక్కు ఎత్తడానికి, దించడానికి ఎడమచేతికింద వేరే మీట ఉన్నది. ఆ తర్వాత కొద్ది యేండ్లకే ఫ్రాన్సులో ఎస్నో పెల్తెరీ అనే ఇంజనీరు, ఈ రెండు పనులూ ఒకే కర్రతో అయ్యే ఉపాయం పన్నాడు. నూరేళ్లు దాటినా ఆ ఉపాయం మారలేదు.

కర్ర ఒకటే, కాని అందరి చేతులూ ఒకటి కావుగదా! పెద్ద కంపెనీ విమానం చేస్తే, కర్ర ఎంత ఉండాలో అక్కడి ఇంజనీర్లు నిర్ణయిస్తారు. కాని లోకంలో తమ విమానాన్ని తామే, ఇంటి వెనక షెడ్డులో కట్టుకునే వాళ్లు వేలమంది ఉన్నారు. అమెరికాలో ఇలాటి వాళ్లు 1953లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లకు కర్ర కొలత ఎవరు చెప్పాలి? వాళ్ల ఒళ్లే చెప్పాలి. అందుకని తెలివైనవాడు లోహం కొయ్యకముందే ప్లైవుడ్డుతో ఒక ఉత్తుత్తి కుర్చీ, ఉత్తుత్తి కర్ర చేసుకొని, నడుముకు పట్టీ బిగించుకొని, గంటసేపు అందులో కూర్చుంటాడు. చూచేవాళ్లు నవ్వుతారు కాబోలు. నవ్వనీ! ఐదు నిమిషాల్లో తెలియని నొప్పి గంటలో తెలుస్తుంది.

దీన్ని మీరూ పరీక్షించవచ్చు. ఒక కాగితం గోడకు అంటించి, చెయ్యి పూర్తిగా చాచి, పెన్సిలుతో రూపాయంత సున్న గీయండి. గీత వణుకుతుంది. ఇప్పుడు కుర్చీలో కూర్చొని, తొడమీద పుస్తకం, దానిమీద కాగితం పెట్టి, ముంజేతిని తొడకు ఆనించి, మణికట్టుతో మాత్రమే గీయండి. ఎంత నున్నగా వచ్చిందో చూచారా? మొదటిసారి చేతి బరువంతా భుజం మోసింది. రెండోసారి తొడ మోసింది. మంచి విమానంలో ముంజెయ్యి తొడమీద ఆని ఉండగానే కర్ర పిడి వేళ్లకు అందుతుంది. గాలి కుదుపుకు ఒళ్లు కదిలినా చెయ్యి కూడా తొడతోపాటే కదులుతుంది కనుక, కర్ర అనవసరంగా ఊగదు.

పిడి అందడం లేదని కర్రను కోసి పొట్టి చేద్దామా? ఇక్కడే ఉన్నది చిక్కు. కర్ర తులాదండం వంటిది. 60 సెంటీమీటర్ల కర్రను 2 కిలోల బలంతో లాగవలసి వస్తే, దాన్ని 40కి కోసినప్పుడు 3 కిలోల బలం కావాలి. 60ని 2తో, 40ని 3తో హెచ్చవేసి చూడండి, రెండూ ఒకటే! పైగా పిడి ఇదివరకు 15 సెంటీమీటర్లు జరిగిన చోట ఇప్పుడు 10 మాత్రమే జరుగుతుంది. కొంచెం కదిపితే ఎక్కువ పని జరుగుతుంది. అందుచేత చాలామంది కర్రను కొయ్యకుండా, తొడలకు తగలకుండా కొద్దిగా వంచుతారు.

‘అయితే కర్ర ఎంత తేలికగా కదిలితే అంత మంచిది కదా?’ అంటారేమో. కాదు! వేగం పెరిగిన కొద్దీ గాలి ఆ పలకలను గట్టిగా వెనక్కు నెడుతుంది, ఆ బిగువు చేతికి తెలుస్తుంది. ‘ఇంకా లాగకు, రెక్కలమీద భారం పడుతున్నది’ అని విమానం చెప్పే మాట అదే. కర్ర మరీ తేలికైతే ఆ మాట వినపడదు. రెక్క విరిగేదాకా లాగినా చేతికి తెలియకపోవచ్చు. మరీ బరువైతే చెయ్యి అలసిపోతుంది. చిన్న విమానాలు తయారుచేసే కంపెనీలకు అమెరికాలో చాలా యేండ్లు ఒక నియమం ఉండేది: ఎక్కువసేపు పట్టుకోవలసిన బలం, పక్కకు వంచడానికి సుమారు 2.3 కిలోలు, ముందు వెనకలకు 4.5 కిలోలు, కాలి పెడలుకు 9 కిలోలు మించరాదు. లెక్క చూడండి, ఒకదానికొకటి రెట్టింపు. మణికట్టుకన్న చెయ్యి, చేతికన్న కాలు బలమైనవి కదా!

కర్రను మోకాళ్ల మధ్యనుంచి తీసి కుడిపక్కన పెట్టినవారిలో ఒకడు బర్ట్ రూటన్ అనే అమెరికా ఇంజనీరు. ఇంట్లో కట్టుకునేందుకు 1979లో ఆయన చేసిన ‘లాంగ్-ఈజీ’ విమానంలో వెనక్కు వాలి కూర్చొని, ముంజెయ్యి పక్క దిమ్మమీద ఆనించి, పొట్టి కర్రను మణికట్టుతో తిప్పుతారు. ఇదే నమూనాతో బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు కట్టిన తేలిక విమానం 1987లో ఎగిరింది. చిన్న రెక్క ముందు, ఇంజను వెనక ఉన్న విమానం అది!

అదే జాతి విమానంలో 1997 అక్టోబరు 12న ఘోరం ఒకటి జరిగింది. జాన్ డెన్వర్ అనే ప్రసిద్ధ అమెరికా గాయకుడు, వేరొకరు కట్టిన లాంగ్-ఈజీని కొనుక్కొని కాలిఫోర్నియాలో సముద్రంమీద ఎగురుతున్నాడు. ఒక పెట్రోలు ట్యాంకునుంచి మరొక ట్యాంకుకు మార్చే మరను రూటన్ తన పటంలో ఎదుటే చూపించాడు. కట్టినవాడు దాన్ని ఎడమ భుజం వెనక బిగించాడు. దాన్ని తిప్పాలంటే కుడిచేతిలోని కర్రను వదిలి, ఒళ్లంతా వెనక్కు మెలితిప్పాలి. అలా తిరిగితే కుడికాలు తనంతట తానే పెడలును తొక్కుతుంది. విమానం ఒరిగి సముద్రంలో పడింది, ఆయన మరణించాడు. విచారణ జరిపినవారు తేల్చిన కారణం ఇదే. ఇంజను గొప్పదే, రెక్కలు గట్టివే. చెయ్యి అందని చోట ఒక చిన్న మర ఉన్నది, అంతే.

అందుకే విమానం నడిపేవాడు ఎగరబోయేముందు, పట్టీ బిగించుకొని, కర్రను నాలుగు మూలలకూ పూర్తిగా తిప్పి చూస్తాడు. మోకాలికి తగులుతున్నదా? పట్టీ కొస చిక్కుకుంటున్నదా? పక్కవాడి సంచి అడ్డుపడుతున్నదా? కర్ర ఎడమకు వంచినప్పుడు ఎడమరెక్క పలక పైకి లేచిందా? తల తిప్పి కళ్లారా చూస్తాడు. ఆ తర్వాతనే ఇంజను జోరు పెంచుతాడు.