సైకాలజీ డిగ్రీకి ఏం కావాలి? దూరవిద్య తలుపు మూశాక పేట పిల్లల దారి

మొన్న ద్రాక్షారామంలో మా వాళ్ల పేటకు వెళ్తే ఒక చెల్లి అడిగింది: "అక్కా, సైకాలజీ డిగ్రీ చేయాలంటే ఏం కావాలి? పనికెళ్తూ దూరవిద్యలో కడదామనుకుంటున్నాను." ఇంటర్ సీఈసీ పాసై బట్టల కొట్లో పనిచేస్తోంది. ఆమె ప్రశ్నకు 2025కి ముందు జవాబు ఒకటి, ఇప్పుడు జవాబు వేరొకటి. ఆ తేడా తెలియక ఎవరూ ఫీజు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు అర్హత సంగతి. బీఏ సైకాలజీకి మామూలుగా ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. బైపీసీ ఉండి తీరాలన్నది అపోహ. బీఎస్సీ అయితే కాలేజీ నిబంధన చూసుకోవాలి. మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లోనూ, తెలంగాణలో 'దోస్త్'లోనూ ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపుంటే ఎస్సీ విద్యార్థికి కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తిస్తుంది. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి.

తర్వాత క్రెడిట్లు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి. అందులో 60 మేజర్ సబ్జెక్టువి, 24 మైనర్‌వి. మిగతావి భాషలు, నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్ వంటివి. ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. సైకాలజీలో ల్యాబు, స్టాటిస్టిక్స్ తప్పవు. నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. అందులో 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. ఈ సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ఇక దూరవిద్య. ఇగ్నోలాంటి చోట్ల ఇంటి దగ్గరుండే సైకాలజీ డిగ్రీ చేసే వీలుండేది. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా నడపొద్దని యూజీసీ యూనివర్సిటీలను ఆదేశించింది. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కిందికి సైకాలజీ వస్తుందన్నది కారణం. ఆ చట్టం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు అడుగుతుంది. కాబట్టి ఎవరైనా "ఓపెన్‌లో సైకాలజీ, ఇప్పుడే కట్టండి" అంటే కట్టకండి.

మనసు బాగుచేసే చదువు పోస్టులో రాదు, శిక్షణ కావాలి అన్న వాదనలో న్యాయం ఉంది. కానీ కూలికెళ్లే ఇంటి పిల్లకు విశాఖ వెళ్లి హాస్టల్లో ఉండి చదివే దారి ఏది? నాణ్యత పేరుతో తలుపు మూసినవాళ్లే ల్యాబును ఊరి దగ్గరికి తేవాలి కదా.

ఇంకో మాట. డిగ్రీ ఒక్కటే ఎవరినీ క్లినికల్ సైకాలజిస్టుని చేయదు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ శిక్షణ కావాలి. డిగ్రీ మొదటి మెట్టు మాత్రమే. అందుకే ఆ మెట్టు దగ్గరే ఆగిపోవడం ఎక్కువ నష్టం.

ఈ చదువు మనకెందుకు? అమెరికాలో 1940ల్లో మేమీ క్లార్క్, కెన్నెత్ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు నల్లపిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మను చూపారు. వేరు చేసి కూర్చోబెట్టడం పసిమనసుకు ఏం చేస్తుందో ఇద్దరు సైకాలజిస్టులు అలా లెక్కతో చూపించారు. బడుల్లో వేర్పాటును కొట్టేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పులో కెన్నెత్ క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడితే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ మంటలు చూసిన పేట పిల్లల మనసుల్లో ఏముందో అడిగి, విని, రాసేవాళ్లు మనలోంచి రావాలి.

విద్యార్థి సంఘాలు అడగాల్సింది సూటిగా ఇదీ: కోనసీమ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో సైకాలజీ మేజర్, ల్యాబు, శాశ్వత లెక్చరర్, దగ్గర్లో ఎస్సీ హాస్టల్ సీటు. చేరేవాళ్లు కాలేజీని అడగాల్సిన ప్రశ్నలు మూడు: సైకాలజీ మేజరా, మైనరా? ల్యాబు ఉందా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారు?

ఆ చెల్లికి కౌన్సెలింగ్ ఫారం నింపిపెట్టి వచ్చాను. సీటు వస్తే పని మానేయాలి. వాళ్లమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు.